యూనిట్ – 9: డీజే ప్రదర్శనకు మిక్సర్, ఎఫెక్ట్స్ యూనిట్ల ఎంపిక

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 మిక్సర్: పుట్టుక, పనులు
9.3 మిక్సర్ ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు
9.4 ఎఫెక్టులు: రకాలు, లయతో సంబంధం
9.5 ఎఫెక్ట్స్ యూనిట్‌ను మిక్సర్‌కు కలపడం
9.6 మూడు సందర్భాలు – మూడు ఎంపికలు
9.7 వాడిన పరికరాన్ని పరీక్షించడం
9.8 ధ్వని స్థాయి: చట్టం, చెవుల రక్షణ
9.9 సారాంశం
9.10 పదకోశం
9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు
9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• డీజే మిక్సర్ చేసే ముఖ్యమైన పనులను వివరించగలుగుతారు.
• మీరు చేసే ప్రదర్శనకు తగిన మిక్సర్‌ను కారణాలతో సహా ఎంపిక చేసుకోగలుగుతారు.
• ఎకో వ్యవధిని పాట వేగానికి తగినట్లుగా లెక్కకట్టగలుగుతారు.
• ఇన్సర్ట్, సెండ్ పద్ధతుల మధ్య తేడాను గుర్తించి, ఎఫెక్ట్స్ యూనిట్‌ను సరిగా కలపగలుగుతారు.
• వాడిన పరికరాలను కొనే ముందు పరీక్షించగలుగుతారు.

9.1 పరిచయం

మునుపటి యూనిట్‌లో టర్న్‌టేబుల్, మీడియా ప్లేయర్, కంట్రోలర్ల గురించి తెలుసుకున్నారు. అవి పాటను అందిస్తాయి. ఆ పాటలు ఒకదానితో ఒకటి కలిసేది, శ్రోతల వద్దకు వెళ్లేది మాత్రం మిక్సర్ ద్వారానే. ప్లేయర్లలో ఒకటి ఆగిపోతే రెండోదానితో కార్యక్రమాన్ని నెట్టుకురావచ్చు. మిక్సర్ ఆగిపోతే కార్యక్రమమే ఆగిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. పెళ్లి రిసెప్షన్లు చేయాలనుకునే ఒక అభ్యాసకుడు వాయిదాల పద్ధతిలో నాలుగు ఛానళ్ల మిక్సర్‌ను కొన్నాడనుకోండి. దానిలో ఎఫెక్టులు చాలా ఉన్నాయి. కానీ మైక్ ఇన్‌పుట్ ఒక్కటే ఉంది, దానికి విడిగా ఈక్యూ లేదు. మొదటి కార్యక్రమంలోనే యాంకర్‌కు ఒక మైక్, పెళ్లికూతురి మేనమామకు ఒక మైక్ కావలసి వచ్చింది. ఉన్న ఒక్క మైక్ కూడా స్పీకర్ ఎదురుగా వెళ్లగానే కూత పెట్టింది. ఆ మిక్సర్‌లో లోపమేమీ లేదు. అది ఆ పనికి తగినది కాదు, అంతే. వాయిదాలు మాత్రం రెండేళ్లు కట్టాలి. ఇలాంటి పొరపాటు జరగకుండా ముందే ఎలా ఆలోచించాలో ఈ యూనిట్ వివరిస్తుంది.

9.2 మిక్సర్: పుట్టుక, పనులు

డీజే మిక్సర్ రేడియో స్టేషన్ల, రికార్డింగ్ స్టూడియోల పరికరాల నుండి పుట్టింది. 1970ల ఆరంభంలో న్యూయార్క్ డిస్కోలలో ఒక పాట పూర్తికాకముందే రెండో పాటను కలిపే పద్ధతి బలపడింది. అలా చేయాలంటే రెండో రికార్డును శ్రోతలకు వినిపించకుండా, డీజే మాత్రం హెడ్‌ఫోన్‌లో వినగలగాలి. ఈ అవసరం కోసం ఇంజనీర్ అలెక్స్ రోస్నర్ ఒక క్లబ్బుకు ప్రత్యేకంగా మిక్సర్‌ను తయారుచేశాడు. దాని ఎరుపు రంగు కారణంగా దానికి ‘రోజీ’ అనే పేరు వచ్చింది. దాదాపు అదే కాలంలో రూడీ బోజాక్ సంస్థ తయారుచేసిన మిక్సర్ డిస్కోలలో వ్యాపించింది. గుండ్రటి నాబ్‌లతో పనిచేసే నేటి రోటరీ మిక్సర్లకు మూలం అదే.

బ్రాంక్స్ ప్రాంతంలో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ వంటి హిప్‌హాప్ డీజేలకు మరొక అవసరం ఏర్పడింది. రెండు రికార్డుల మధ్య రెప్పపాటులో మారాలి. అందుకు అడ్డంగా కదిలే క్రాస్‌ఫేడర్ ముఖ్యమైంది. జమైకాలోని కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ 1970లలో మిక్సింగ్ డెస్క్‌నే వాద్యంలా వాడాడు. గాత్రాన్ని తీసివేయడం, ఒక్క మాటను ఎకోలోకి వదలడం, ఫిల్టర్‌తో మంద్రాన్ని కోయడం ద్వారా ‘డబ్’ సంగీతాన్ని రూపొందించాడు. నేటి డీజే ఎఫెక్టుల వాడకంలో ఎక్కువ భాగం ఆ పద్ధతికి కొనసాగింపే. 1974లో రోలాండ్ సంస్థ టేపుతో పనిచేసే ఆర్‌ఈ-201 స్పేస్ ఎకోను విడుదల చేసింది. 1990ల మధ్యలో వచ్చిన పయనీర్ డీజేఎమ్-500 పాట వేగాన్ని లెక్కించి, దానికి తగినట్లు ఎఫెక్టును సర్దే సౌకర్యాన్ని మిక్సర్‌లోనే కల్పించింది. 1999లో కోర్గ్ సంస్థ వేలితో తాకి నడిపే కాయోస్ ప్యాడ్‌ను తెచ్చింది.

ఈ చరిత్రను బట్టి ఒక విషయం గ్రహించవచ్చు. రోటరీ మిక్సర్, స్క్రాచ్ మిక్సర్, ఎఫెక్టులతో కూడిన క్లబ్ మిక్సర్ అనేవి ఒకే పరికరానికి తక్కువ రకం, ఎక్కువ రకం కావు. అవి మూడు వేర్వేరు పనుల కోసం పుట్టినవి.

ఏ మిక్సర్ అయినా ఐదు పనులు చేస్తుంది: వేర్వేరు సంకేతాలను ఒకే స్థాయికి తేవడం, వాటి స్వరూపాన్ని ఈక్యూతో సర్దడం, ఒకదానితో ఒకటి కలపడం, డీజేకు ముందుగా వినిపించడం, యాంప్లిఫైయర్‌కు అందించడం. మీరు ఏ మిక్సర్‌ను చూసినా ఈ ఐదింటినీ అది ఎంత చక్కగా చేస్తుందో ముందు చూడండి. ఎఫెక్టుల సంఖ్యను ఆ తరువాత చూడండి.

9.3 మిక్సర్ ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు

9.3.1 ఇన్‌పుట్లు, ఛానళ్లు

అన్ని సంకేతాలూ ఒకే బలంతో ఉండవు. టర్న్‌టేబుల్ కార్ట్రిడ్జ్ నుండి వచ్చే ఫోనో సంకేతం కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. పైగా రికార్డులో మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి ముద్రిస్తారు. ఫోనో ఇన్‌పుట్ దానిని తిరిగి సరిచేస్తుంది. ప్లేయర్ల నుండి వచ్చే లైన్ సంకేతం దీనికన్నా ఎంతో బలమైనది. టర్న్‌టేబుల్‌ను లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే పాట సన్నగా, దూరం నుండి వచ్చినట్లు వినిపిస్తుంది. ప్లేయర్‌ను ఫోనో ఇన్‌పుట్‌కు కలిపితే ధ్వని పగిలిపోతుంది.

కాబట్టి కొనే ముందు ఒక కాగితం మీద మీరు ఏకకాలంలో వాడే పరికరాలన్నింటినీ రాయండి. రెండు ప్లేయర్లు, రెండు మైకులు, అత్యవసరానికి ఒక ఫోన్ అనుకోండి. అప్పుడు మీకు కావలసింది నాలుగు ఛానళ్ల మిక్సరే కానక్కరలేదు. రెండు ఛానళ్లతోపాటు, విడి ఈక్యూ గల రెండు మైక్ ఇన్‌పుట్లు, ఒక అదనపు ఇన్‌పుట్ ఉంటే చాలు. మైక్‌లో మాట్లాడగానే పాట స్థాయిని దానంతటదే తగ్గించే ‘టాక్‌ఓవర్’ సౌకర్యం పెళ్లి కార్యక్రమాలలో ఏ ఎఫెక్టుకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

9.3.2 గెయిన్, ఈక్యూ, ఫిల్టర్

ప్రతి ఛానల్‌కూ గెయిన్ నాబ్, స్థాయిని చూపే మీటర్ ఉండాలి. పాత పాటలు తక్కువ స్థాయిలో, కొత్త పాటలు ఎక్కువ స్థాయిలో రికార్డై ఉంటాయి. మీటర్ చూసి గెయిన్‌తో వాటిని సమం చేయాలి. ఎరుపు దీపం వెలుగుతూ ఉంటే సంకేతం శిఖరాలు కోసుకుపోతున్నాయని భావించాలి. ఒకసారి కోసుకుపోయిన ధ్వనిని తరువాతి దశలో ఏ పరికరమూ బాగుచేయలేదు.

మూడు బ్యాండ్ల ఈక్యూలో మంద్ర, మధ్య, తార స్థాయిలను విడివిడిగా సర్దవచ్చు. ఇక్కడ గమనించవలసింది తగ్గింపు పరిమితి. కొన్ని మిక్సర్లలో నాబ్‌ను పూర్తిగా ఎడమకు తిప్పితే 26 డెసిబెల్ తగ్గుతుంది. అంటే వోల్టేజ్ సుమారు ఇరవయ్యో వంతుకు పడిపోతుంది, కానీ పూర్తిగా పోదు. ‘ఐసొలేటర్’ లేదా ‘కిల్’ రకంలో ఆ బ్యాండ్ పూర్తిగా మాయమవుతుంది. రెండు పాటల మంద్రాలు ఒకేసారి మోగితే ధ్వని బురదగా మారుతుంది. కాబట్టి ఒకదాని మంద్రాన్ని తీసి రెండోదాన్ని తేవడం మిక్సింగ్‌లో మూలసూత్రం. మీ మిక్సర్‌లో ఈ పని శుభ్రంగా జరగాలి.

9.3.3 ఫేడర్లు

స్క్రాచ్ చేసేవారికి క్రాస్‌ఫేడర్ ప్రాణం. అది తేలికగా కదలాలి, కొన్ని మిల్లీమీటర్ల కదలికలోనే ధ్వని పూర్తిగా తెరుచుకోవాలి. దానినే పదునైన ‘కర్వ్’ అంటారు. సాధారణ ఫేడర్‌లో లోహపు స్పర్శ ఉంటుంది కాబట్టి అది అరిగిపోతుంది. స్పర్శ లేకుండా అయస్కాంతంతో పనిచేసే ఫేడర్లు ఎక్కువకాలం మన్నుతాయి. నెమ్మదిగా పాటలు కలిపేవారు ఛానల్ ఫేడర్లనే వాడతారు. వారికి క్రాస్‌ఫేడర్‌ను పనిచేయకుండా ఆపే స్విచ్ ఉంటే మేలు, చెయ్యి తగిలి పాట ఆగిపోదు.

9.3.4 హెడ్‌ఫోన్ విభాగం

రాబోయే పాటను, నడుస్తున్న పాటను కలిపి వినే నాబ్ తప్పనిసరి. ఒక చెవిలో రాబోయేది, మరో చెవిలో నడుస్తున్నది వినిపించే ‘స్ప్లిట్ క్యూ’ ఉంటే, వేదిక మీద మానిటర్ స్పీకర్ లేనప్పుడు ఎంతో ఉపయోగం.

9.3.5 అవుట్‌పుట్లు

మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ బ్యాలెన్స్‌డ్ రకం. దీనిలో ఒకే సంకేతం రెండు తీగలలో, ఒకదానికొకటి వ్యతిరేకంగా ప్రయాణిస్తుంది. దారిలో చేరిన రొద రెండు తీగలలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి, చివర రెండింటి తేడాను తీసుకున్నప్పుడు అది రద్దవుతుంది. ఫంక్షన్ హాలులో వేదిక నుండి యాంప్లిఫైయర్ వరకు 20, 30 మీటర్ల తీగ లాగవలసి వస్తుంది. పక్కనే లైటింగ్ తీగలు, జనరేటర్ ఉంటాయి. అలాంటి చోట ఆర్‌సీఏ తీగతో హమ్ తప్పదు. కనుక బయట ప్రదర్శనలు చేసేవారు ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ లేని మిక్సర్‌ను ఎంచుకోకపోవడం మంచిది. వీటితోపాటు, మీ దగ్గరి మానిటర్‌కు విడి నాబ్ గల బూత్ అవుట్‌పుట్ ఉందో లేదో చూడండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. టర్న్‌టేబుల్‌ను లైన్ ఇన్‌పుట్‌కు ఎందుకు కలపకూడదు?
2. పొడవైన తీగకు బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ఎందుకు అవసరం?

9.4 ఎఫెక్టులు: రకాలు, లయతో సంబంధం

9.4.1 ముఖ్యమైన రకాలు

ఎకో లేదా డిలే: ధ్వనిని కొంత ఆలస్యంగా మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. పాటను ముగించడానికి, వేగం కలవని రెండు పాటల మధ్య వంతెన వేయడానికి ఇది బాగా పనికివస్తుంది.

రివర్బ్: పెద్ద గది లేదా గుడి మండపంలో పాడినట్లు ప్రతిధ్వనుల సమూహాన్ని కల్పిస్తుంది. ఫంక్షన్ హాలుకు సహజంగానే రివర్బ్ ఉంటుంది. దానిమీద మరింత వేస్తే మాటలు అర్థం కావు. వాడితే మంద్రాన్ని తగ్గించి వాడాలి.

ఫ్లాంజర్: కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యాన్ని పెంచుతూ, తగ్గిస్తూ అసలు ధ్వనితో కలుపుతుంది. విమానం పైనుంచి దూసుకుపోయినట్లుంటుంది.

ఫిల్టర్: మంద్రాన్ని లేదా తారాన్ని క్రమంగా కోస్తుంది. అన్నింటికన్నా ఎక్కువగా వాడే ఎఫెక్టు ఇదే. ఒక్క నాబ్‌తో నడుస్తుంది.

రోల్: పాటలోని చిన్న ముక్కను పట్టుకుని తిప్పితిప్పి మోగిస్తుంది.

9.4.2 ఎకోను లయకు సర్దడం

ఎకో లయలో పడకపోతే తాళం తప్పినట్లే ఉంటుంది. లెక్క సులభం. నిమిషంలో 60,000 మిల్లీసెకన్లు ఉంటాయి. దానిని నిమిషానికి గల బీట్ల సంఖ్యతో భాగిస్తే ఒక బీట్ వ్యవధి వస్తుంది.

ఉదాహరణ: పాట వేగం 120 బీట్లు అయితే, 60,000 ÷ 120 = 500 మిల్లీసెకన్లు. అర బీట్ ఎకోకు 250, ముప్పావు బీట్‌కు 375 మిల్లీసెకన్లు.

ఈ అర, పావు భాగాలు చతురశ్ర నడకలో, అంటే బీట్ నాలుగుగా విడిపోయే పాటలలో కుదురుతాయి. తీన్‌మార్ దెబ్బలో బీట్ మూడుగా విడిపోతుంది. సంగీత పరిభాషలో ఇది తిశ్ర నడక. దీనికి అర బీట్ ఎకో పెడితే డప్పు దెబ్బల మధ్య అడ్డంగా పడుతుంది. మూడో వంతు లేదా మూడింట రెండు వంతులు కావాలి. 120 వేగంలో అవి సుమారు 167, 333 మిల్లీసెకన్లు. ఇలాంటి లయలలో పరికరం తనంతట తాను వేగాన్ని లెక్కించేటప్పుడు పొరబడే అవకాశం కూడా ఎక్కువ. కనుక తెలుగు ప్రాంతాల బరాత్‌లలో వాయించే డీజే ఒక ఎఫెక్ట్స్ యూనిట్‌ను ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడగాలి. వేలితో కొట్టి వేగాన్ని చెప్పే ‘ట్యాప్’ బటన్ ఉందా? మూడో వంతు విభజన ఉందా? ఈ రెండూ లేకపోతే తక్కిన నలభై ఎఫెక్టులు ఉన్నా అక్కడ పెద్దగా అక్కరకు రావు.

9.5 ఎఫెక్ట్స్ యూనిట్‌ను మిక్సర్‌కు కలపడం

ఎఫెక్టులు మూడు చోట్ల ఉండవచ్చు: మిక్సర్ లోపల, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో, విడి యూనిట్‌లో. మిక్సర్ లోపలివి తీగలు లేకుండా, వెంటనే పనిచేస్తాయి. సాఫ్ట్‌వేర్ ఎఫెక్టులకు అదనపు ఖర్చు తక్కువ, కానీ కంప్యూటర్ వేగంపై ఆధారపడతాయి. సెకనుకు 44,100 నమూనాల వద్ద 512 నమూనాల బఫర్ పెడితే ఒక్క బఫర్ వల్లనే సుమారు 11.6 మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది. విడి యూనిట్‌కు ప్రత్యేకమైన ధ్వని, చేతికి అందే నాబ్‌లు ఉంటాయి. మిక్సర్ మారినా అది మీతోనే ఉంటుంది. అయితే దానిని కలపడానికి మిక్సర్‌లో సెండ్, రిటర్న్ సాకెట్లు కావాలి. విడి యూనిట్ కొనే ముందు మిక్సర్ వెనుక భాగాన్ని చూడండి.

9.5.1 ఇన్సర్ట్, సెండ్ పద్ధతులు

ఇన్సర్ట్ పద్ధతిలో సంకేతం మొత్తం యూనిట్ గుండా వెళ్లి తిరిగి వస్తుంది. కాబట్టి అసలు ధ్వని, ఎఫెక్టు ధ్వని ఎంతెంత ఉండాలో యూనిట్ మీది నాబ్‌తో నిర్ణయించాలి. సెండ్ పద్ధతిలో సంకేతపు నకలు మాత్రమే యూనిట్‌కు వెళ్తుంది, అసలు ధ్వని మిక్సర్‌లోనే కొనసాగుతుంది. కాబట్టి యూనిట్‌ను పూర్తిగా ఎఫెక్టు ధ్వని మాత్రమే ఇచ్చేలా పెట్టాలి.

ఇది మరిచిపోతే ఏమవుతుంది? డిజిటల్ యూనిట్ గుండా వెళ్లిన అసలు ధ్వని కొంచెం ఆలస్యంగా తిరిగివచ్చి, మిక్సర్‌లోని అసలు ధ్వనితో కలుస్తుంది. ఆలస్యం 1 మిల్లీసెకను అయితే 500, 1500, 2500 హెర్ట్జ్ వద్ద రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గాత్రం ఉండే చోటు కూడా అదే. ఫలితంగా పాట డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్లు వినిపిస్తుంది. చాలామంది దీనిని యూనిట్ లోపం అనుకుంటారు. తప్పు అమరికలో ఉంది. కొన్ని మిక్సర్లలో రెండు పద్ధతులనూ ఎంచుకునే వీలుంటుంది. ఏది అమలులో ఉందో ప్రదర్శనకు ముందే చూసుకోవాలి.

9.5.2 ఫేడర్‌కు ముందా, తరువాతా?

ఫేడర్‌కు ముందు ఎఫెక్టు ఉంటే, ఫేడర్ మూయగానే ఎకో కూడా ఆగిపోతుంది. ఫేడర్ తరువాత ఉంటే, పాట ఆగినా ఎకో తోక సాగి మెల్లగా కరిగిపోతుంది. ఎకోతో పాటను ముగించాలనుకునేవారికి రెండోదే కావాలి. దుకాణంలో పది సెకన్లలో దీనిని పరీక్షించవచ్చు: ఎకో వేసి ఫేడర్ మూయండి, తోక వినిపిస్తుందో లేదో వినండి.

9.5.3 స్థాయిల పొందిక

వృత్తిపర పరికరాల ప్రామాణిక లైన్ స్థాయి సుమారు 1.23 వోల్టులు, గృహోపకరణాలది సుమారు 0.316 వోల్టులు. తేడా దాదాపు నాలుగు రెట్లు, అంటే సుమారు 12 డెసిబెల్. గిటార్ పెడల్స్ ఇంకా తక్కువ స్థాయికి తయారవుతాయి, వాటిలో చాలావరకు మోనో. మిక్సర్ సెండ్‌ను నేరుగా పెడల్‌లోకి పంపితే ధ్వని పగలవచ్చు, స్టీరియో పోతుంది. చాలా పెడల్స్‌కు మధ్య పిన్ను నెగెటివ్‌గా ఉండే 9 వోల్టుల అడాప్టర్ కావాలి. పోలారిటీ తప్పితే పెడల్ కాలిపోయే ప్రమాదం ఉంది.

మరొక హెచ్చరిక. ఎకోలోని ఫీడ్‌బ్యాక్ నాబ్ చివరకు తిప్పితే ప్రతి పునరావృతమూ ముందుదానికన్నా బలపడి, కొన్ని సెకన్లలో అదుపు తప్పుతుంది. ఆ స్థితిలో స్పీకర్లు దెబ్బతినవచ్చు. రిటర్న్ స్థాయిని తగ్గించే నాబ్ ఎక్కడుందో మీ చేతికి తెలిసి ఉండాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. వేగం 96 బీట్లు గల పాటకు ఒక బీట్ ఎకో వ్యవధి ఎంత?
2. సెండ్ పద్ధతిలో యూనిట్‌ను ఎలా అమర్చాలి?

9.6 మూడు సందర్భాలు – మూడు ఎంపికలు

(అ) పెళ్లిళ్లు, రిసెప్షన్లు చేసేవారు: మైక్ ఇన్‌పుట్లు, టాక్‌ఓవర్, ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్‌లకు మొదటి స్థానం. ఎఫెక్టులలో ఫిల్టర్, ఎకో చాలు. విడి యూనిట్‌కు పెట్టే డబ్బుతో మంచి తీగలు, రెండో మైక్, అదనపు అడాప్టర్ కొనడం వివేకం.

(ఆ) స్క్రాచ్ నేర్చుకునేవారు: రెండు ఛానళ్లు చాలు. క్రాస్‌ఫేడర్ నాణ్యత, కర్వ్ సర్దుబాటు, ఫోనో ఇన్‌పుట్లు ముఖ్యం. ఫేడర్‌ను విడిగా మార్చుకునే వీలుందో లేదో అడగండి.

(ఇ) క్లబ్బులో దీర్ఘంగా మిక్స్ చేసేవారు: నాలుగు ఛానళ్లు, ఐసొలేటర్ ఈక్యూ, సెండ్–రిటర్న్ ఉపయోగపడతాయి. అయితే క్లబ్బులో మిక్సర్ సాధారణంగా అక్కడిదే ఉంటుంది. కాబట్టి ఇంట్లో సాధనకు అదే అమరిక గల చిన్న మిక్సర్, వెంట తీసుకువెళ్లడానికి ఒక ఎఫెక్ట్స్ యూనిట్ ఉంటే సరిపోవచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవారు కొనే ముందు అదే రకం మిక్సర్‌ను రెండు మూడు కార్యక్రమాలకు అద్దెకు తీసుకోవడం మంచిది. ఏ నాబ్‌ను మీరు నిజంగా వాడారో, దేనిని ముట్టుకోలేదో అప్పుడు తెలుస్తుంది. అప్పు చేసి కొనేవారు నెల వాయిదాను కార్యక్రమాలు బాగా ఉండే మూఢం లేని నెలల ఆదాయంతో కాక, ముహూర్తాలు లేని నెలల ఆదాయంతో పోల్చి చూడాలి.

9.7 వాడిన పరికరాన్ని పరీక్షించడం

వాడిన మిక్సర్ కొనడంలో తప్పులేదు. కింది పరీక్షలు చేయండి:
1. పాట మోగుతుండగా ప్రతి ఫేడర్‌నూ, నాబ్‌నూ నెమ్మదిగా కదపండి. గరగర శబ్దం వస్తే అది అరిగిందని లేదా దుమ్ము పట్టిందని అర్థం.
2. ఛానల్ ఫేడర్‌ను పూర్తిగా మూసి, మాస్టర్ పెంచి వినండి. పాట సన్నగా వినిపిస్తే లీకేజీ ఉంది.
3. హెడ్‌ఫోన్ ప్లగ్‌ను కొద్దిగా కదపండి. ఒక చెవిలో ధ్వని పోతే సాకెట్ వదులైంది.
4. సెండ్‌ను రిటర్న్‌కు ఒకే తీగతో కలపండి. ధ్వని తిరిగి వస్తే ఆ మార్గం సరిగా ఉంది. స్థాయిని తక్కువగా ఉంచి ఈ పరీక్ష చేయాలి.
5. కనీసం ఒక గంట నడపండి. కొన్ని లోపాలు వేడెక్కాకనే బయటపడతాయి.

9.8 ధ్వని స్థాయి: చట్టం, చెవుల రక్షణ

మన దేశంలో శబ్ద కాలుష్య (నియంత్రణ) నియమాలు 2000 సంవత్సరం నుండి అమలులో ఉన్నాయి. వీటి ప్రకారం లౌడ్‌స్పీకర్ వాడకానికి అధికారుల లిఖితపూర్వక అనుమతి ఉండాలి. నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్. రాత్రి 10 నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్లు వాడరాదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. 2024 అక్టోబరులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. ఊరేగింపుల ఆదాయం మీదనే లెక్కవేసుకుని పెద్ద పరికరాలు కొన్నవారికి ఇది గట్టి పాఠం. మాస్టర్ స్థాయికి పరిమితి విధించే లిమిటర్ గల మిక్సర్ లేదా ప్రాసెసర్ ఉంటే, అతిథులు ‘ఇంకా పెంచు’ అన్నప్పుడు మీ చెయ్యి హద్దు దాటకుండా కాపాడుతుంది.

మీ చెవుల సంగతి కూడా చూడండి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్ ధ్వనిని రోజుకు 8 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2 గంటలు, 100 వద్ద 15 నిమిషాలు మాత్రమే. బూత్ మానిటర్‌ను తక్కువలో ఉంచడం, స్ప్లిట్ క్యూ వాడడం, ఇయర్‌ప్లగ్ పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. మిక్సర్ పాడైతే మరొకటి కొనవచ్చు. పోయిన వినికిడి తిరిగి రాదు.

9.9 సారాంశం

మిక్సర్ ఎంపిక మీరు చేసే పనితో మొదలు కావాలి. ఇన్‌పుట్లు, ఈక్యూ, ఫేడర్లు, హెడ్‌ఫోన్ విభాగం, అవుట్‌పుట్లు అనే ఐదింటిని ముందు పరిశీలించి, ఎఫెక్టులను తరువాత చూడాలి. ఎకో వ్యవధిని 60,000ను బీట్ల సంఖ్యతో భాగించి తెలుసుకోవచ్చు. తిశ్ర నడక పాటలకు మూడో వంతు విభజన కావాలి. ఇన్సర్ట్, సెండ్ పద్ధతుల తేడా తెలియకపోతే మంచి యూనిట్ కూడా చెడుగా వినిపిస్తుంది. చట్టం విధించిన హద్దులను, చెవుల భద్రతను ఎంపికలో భాగంగానే చూడాలి.

9.10 పదకోశం

గెయిన్: ఛానల్‌లోకి వచ్చే సంకేతపు స్థాయిని సర్దే నియంత్రణ.
ఐసొలేటర్: ఒక బ్యాండ్‌ను పూర్తిగా తొలగించగల ఈక్యూ.
క్యూ: శ్రోతలకు వినిపించకుండా డీజే ముందుగా వినడం.
రిటర్న్: ఎఫెక్ట్స్ యూనిట్ నుండి ధ్వని తిరిగివచ్చే సాకెట్.
లిమిటర్: ధ్వని స్థాయి నిర్ణీత హద్దు దాటకుండా ఆపే సాధనం.

9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1 (1): ఫోనో సంకేతం చాలా బలహీనం. పైగా దాని మంద్ర, తారాలను సరిచేసే ఏర్పాటు లైన్ ఇన్‌పుట్‌లో ఉండదు.
1 (2): దారిలో చేరిన రొద రెండు తీగలలోనూ సమానంగా ఉండి, చివరన రద్దవుతుంది.
2 (1): 60,000 ÷ 96 = 625 మిల్లీసెకన్లు.
2 (2): అసలు ధ్వని లేకుండా, పూర్తిగా ఎఫెక్టు ధ్వని మాత్రమే వచ్చేలా అమర్చాలి.

9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డీజే మిక్సర్ ఎంపికలో పరిశీలించవలసిన అంశాలను వివరించండి.
2. ఎఫెక్ట్స్ యూనిట్‌ను మిక్సర్‌కు కలిపే పద్ధతులను, వాటిలో జరిగే పొరపాట్లను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వాడిన మిక్సర్‌ను ఎలా పరీక్షిస్తారు?
2. తీన్‌మార్ లయకు ఎకోను ఎలా సర్దుతారు? ఉదాహరణతో వివరించండి.
3. మీ ప్రాంతంలో జరిగే ఒక కార్యక్రమాన్ని తీసుకుని, దానికి కావలసిన మిక్సర్ లక్షణాలను ప్రాధాన్యక్రమంలో రాయండి.